మాగాయ ముక్కలోంచి ఊట ఎలా వస్తుంది? కణత్వచం కథ

మాగాయ పెట్టే ఇంట్లో మొదటి మూడు రోజులు గమనిస్తే ఒక సంగతి కనిపిస్తుంది. పుల్లటి మామిడికాయలు చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో పెట్టి మూత వేస్తారు. చుక్క నీళ్లు పోయరు సరికదా, జాడీకి తడి కూడా తగలనివ్వరు. మూడో రోజు మూత తీస్తే ముక్కలు ఊటలో మునిగి ఉంటాయి. ఆ ముక్కలను ఊటలోంచి పిండి ఎండలో వేస్తే పొద్దున గట్టిగా ఉన్న ముక్క సాయంత్రానికి వడిలి, ముడతలు పడి, సగానికి సగం అయిపోతుంది. ఆ తర్వాత మళ్లీ అదే ఊటలో వేసి, కారం, మెంతిపిండి కలిపి పోపు పెడతారు.

ఊట ఎలా వచ్చిందని అడిగితే "ఉప్పుకి నీళ్లు ఊరాయి" అంటారు. తప్పేం లేదు, కానీ అది సగం జవాబే. ఉప్పు కూడా నీళ్లంత సులువుగా ముక్కలోకి దూరిపోగలిగితే లోపలా బయటా ఒకే ఉప్పదనం వచ్చేసి, ఇంత ఊట ఊరే అవసరమే ఉండేది కాదు. మొదట్లో జరిగేది ఏమిటంటే నీళ్లను బయటికి వదిలే దారి ఉంది, ఉప్పును లోపలికి రానిచ్చే దారి లేదు. ఆ తేడా పెట్టేది మామిడి ముక్కలోని ప్రతి కణం చుట్టూ ఉండే పల్చటి పొర. స్కూలు పుస్తకాల్లో దాని పేరు కణత్వచం, ప్లాస్మా పొర. కొన్నాళ్లకు ఉప్పు దెబ్బకి, ఎండ దెబ్బకి ఆ పొర చచ్చిపోతుంది, అప్పుడు గానీ ఉప్పూ కారం ముక్క లోపలికి దిగవు. ఊరగాయ "ఊరడం" అంటే చాలావరకు ఇదే, లక్షల కణాల పొరలు ఒక్కొక్కటిగా చేతులెత్తేయడం.

ఈ పొర గురించి పరీక్షల్లో రెండు మార్కుల ప్రశ్న వస్తుంది, "ప్లాస్మా పొరను విచక్షణా త్వచం అని ఎందుకంటారు" అని. కావలసినవాటిని రానిస్తుంది, అక్కర్లేనివాటిని ఆపుతుంది అని రాస్తే మార్కులు వేసేస్తారు. ఆ జవాబు చదివితే పొర ఏదో గేటు దగ్గర వాచ్‌మన్‌లా కూర్చుని ఆలోచించి నిర్ణయం తీసుకుంటున్నట్టు ఉంటుంది. అక్కడ ఆలోచించేవాళ్లెవరూ లేరు. ఉన్నది ఒక నూనె పొర, అందులో గుచ్చుకుని ఉన్న ప్రొటీన్లు, అంతే. ఆ రెండిటితోనే ఇంత విచక్షణ ఎలా వచ్చిందనేదే అసలు ప్రశ్న.

ముందు మందం సంగతి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్ శివార్లలోని క్లాఫం దగ్గర ఒక చెరువు మీద గాలికి అలలు లేస్తుంటే టీస్పూన్ నూనె పోశాడు. నూనె పాకుతూ పాకుతూ అర ఎకరం దాకా పరుచుకుని, అంతమేరా నీరు అద్దంలా నిలిచిపోయిందని రాశాడు, అది 1774లో అచ్చయింది. ఆయన లెక్క కట్టలేదు గానీ మనం కట్టొచ్చు. టీస్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు, అర ఎకరం అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. భాగిస్తే మందం రెండున్నర నానోమీటర్లు వస్తుంది. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు. అంటే ఫ్రాంక్లిన్‌కు తెలియకుండానే ఆ చెరువు మీద నూనె దాదాపు ఒక్క అణువు మందాన పరుచుకుందన్నమాట. కణత్వచం దీనికి రెట్టింపు, 5 నానోమీటర్లకు అటూ ఇటూ. తల వెంట్రుక మందంలో ఇలాంటి పొరలు పది వేలకు పైగా పేర్చొచ్చు.

రెట్టింపు అన్నది మాట వరసకి అన్నది కాదు, నిజంగానే రెండు వరుసలు. ఈ పొరలో ఎక్కువగా ఉండేవి ఫాస్ఫోలిపిడ్లు. వీటికి ఒక తల, రెండు తోకలు. తలలో ఫాస్ఫేట్ ఉంటుంది కాబట్టి దానికి నీళ్లంటే ఇష్టం. తోకలు అచ్చం నూనె, వాటికి నీళ్లు పడవు. నీళ్లలో వేస్తే ఇవి ఏం చేయాలి? తలలు నీటికి తగలాలి, తోకలు తగలకూడదు. రెండు వరుసలుగా సర్దుకుని, తోకలు లోపల ఎదురెదురుగా, తలలు బయట రెండు వైపులా పెట్టుకుంటే సమస్య తీరిపోతుంది. అంచులు మిగిలితే అక్కడ తోకలు తడుస్తాయి కాబట్టి, అంచు లేకుండా గుండ్రంగా మూసుకుపోతాయి. ఎవరూ కట్టనక్కర్లేదు, జిగురు అక్కర్లేదు, నీళ్లు ఉంటే చాలు అదే కట్టుకుంటుంది. చారులో పోపు నూనె బొట్లు రెండు దగ్గరకొస్తే కలిసి ఒకటైపోవడానికి కారణమైన నీటి స్వభావమే ఇక్కడా పనిచేస్తోంది.

దీనివల్ల ఒక పెద్ద లాభం ఉంది, పొర చిరిగితే దానంతటదే అతుక్కుంటుంది. పిల్లల కోసం వైద్యం చేయించుకునేవాళ్లకు ఇక్సీ అనే పద్ధతి తెలిసే ఉంటుంది, సన్నటి గాజు సూదితో అండంలోకి నేరుగా వీర్యకణాన్ని ఎక్కిస్తారు. సూది అండం పొరను పొడుచుకుని వెళ్తుంది, బయటికి తీయగానే ఆ చిల్లు పూడుకుపోతుంది. ఇటుక గోడకు చిల్లు పొడిస్తే మేస్త్రీ రావాలి. ఇక్కడ మేస్త్రీ పని నీరే చేస్తుంది.

రెండు వరుసలని ఎలా తెలిసిందన్నది కాస్త తమాషా కథ. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు 1925లో ఎర్ర రక్తకణాలు తీసుకున్నారు. అవే ఎందుకంటే మనిషి, మేక, కుక్కలాంటి పాలిచ్చే జంతువుల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం గానీ, మైటోకాండ్రియా గానీ ఉండవు, ఉన్న ఒకే ఒక్క పొర బయటిదే. ఆ కణాల్లోంచి అసిటోన్‌తో కొవ్వు లాగి, నీటి మీద ఒక్క అణువు మందాన పరిచి వైశాల్యం కొలిచారు. తర్వాత కణాల పైభాగం వైశాల్యం లెక్కేశారు. మొదటిది రెండోదానికి సరిగ్గా రెట్టింపు వచ్చింది, కాబట్టి పొరలో కొవ్వు రెండు వరుసలుగా ఉందన్నారు. తర్వాతి తరం వాళ్లు తిరిగి చూస్తే ఇందులో రెండు తప్పులు దొరికాయి. అసిటోన్ కొవ్వు మొత్తాన్నీ లాగలేకపోయింది. అలాగే ఎండిన కణాలను చూసి లెక్క కట్టడం వల్ల కణం వైశాల్యం కూడా తక్కువ వచ్చింది. పైనా కిందా తక్కువే కాబట్టి భాగారం మాత్రం దాదాపు సరిగ్గా తేలింది. రెండు తప్పులు కలిసి ఒక ఒప్పు కావడం సైన్సులో అరుదు, దాని మీద ఇప్పటి పాఠ్యపుస్తకాలన్నీ నిలబడటం ఇంకా అరుదు.

ఆ పాఠ్యపుస్తకాల బొమ్మతోనే ఒక చిక్కు ఉంది. గుండ్రటి తలలు, కింద రెండేసి గీతలు, వరసగా సైన్యంలా నిలబడి ఉంటాయి. చూస్తే ప్రతి అణువుకూ సీటు నంబరు ఇచ్చినట్టు ఉంటుంది. నిజంలో అది సంతలో జనం లాంటిది. ఒక్కో లిపిడ్ అణువు పక్కవాటిని తోసుకుంటూ సెకను తిరిగేలోపు ఒక బ్యాక్టీరియా పొడవంత దూరం వెళ్లిపోగలదు. ప్రొటీన్లూ తేలుతూ తిరుగుతాయి. దీన్ని కళ్లకు కట్టింది 1970లో ఫ్రై, ఎడిడిన్ చేసిన ప్రయోగం. ఒక ఎలుక కణాన్ని, ఒక మనిషి కణాన్ని కలిపి ఒకే కణం చేసి, ఎలుక ప్రొటీన్లకు ఒక రంగు, మనిషి ప్రొటీన్లకు ఇంకో రంగు వెలిగేలా పెట్టారు. మొదట కణం సగం ఒక రంగు, సగం ఇంకో రంగుగా ఉంది. 37 డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు ఉంచేసరికి రెండు రంగులూ కలిసిపోయాయి. చల్లగా ఉంచితే కలవలేదు. అంటే పొర ద్రవంలా ప్రవహిస్తోందని, చల్లబడితే గట్టిపడుతోందని తేలింది. రెండేళ్లకు సింగర్, నికల్సన్ ఇద్దరూ దీనికి "ద్రవ మొజాయిక్ నమూనా" అని పేరు పెట్టారు, ఇప్పటికీ ఆ పేరే నడుస్తోంది. అన్నట్టు, ఈ తిరుగుడంతా తన వరుసలోనే. లోపలి వరుసలోంచి బయటి వరుసకు తిరగబడాలంటే అణువు తల పొర మధ్యలో ఉన్న నూనెను దాటాలి, అది సాయం లేకుండా దాదాపు జరగదు.

చల్లబడితే గట్టిపడటం మనకు కొత్తేం కాదు. డిసెంబరులో కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది, పక్కనే ఉన్న వేరుశనగ నూనె కట్టదు. కొబ్బరినూనెలో తోకలు చాలావరకు నిటారుగా ఉంటాయి కాబట్టి అగ్గిపుల్లల్లా దగ్గరగా సర్దుకుంటాయి, వేరుశనగ నూనెలో తోకలకు మధ్యలో వంకర ఉంటుంది కాబట్టి సర్దుకోలేవు. కణాలు కూడా ఇదే కిటుకు వాడతాయి. చల్లటి నీటిలో బతికే చేపలు తమ పొరల్లో వంకర తోకలు పెంచుకుంటాయి. ఇక మన కణాల్లో ఈ సర్దుబాటు చూసేది కొలెస్ట్రాల్. రక్తపరీక్ష రిపోర్టులో దాని పేరు చూడగానే టెన్షన్ పడతాం గానీ, అది లేకపోతే మన కణత్వచం నిలబడదు. వేడిలో పొర మరీ జారిపోకుండా పట్టి ఉంచుతుంది, చలిలో తోకలు గడ్డకట్టకుండా మధ్యలో అడ్డుపడుతుంది. కొన్ని ప్రొటీన్లకైతే కొలెస్ట్రాల్ పక్కన లేకపోతే పనే సాగదు. మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం కబురును అందుకునే ఒక గ్రాహక ప్రొటీన్ విషయంలో ఈ సంగతిని హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో చాలా ఏళ్లు శోధించి చూపించారు.

సరే, నూనె పొర అయింది. దీన్ని దాటేవి ఏవి? ఈ ప్రశ్నకు ఓవర్టన్ అనే ఆయన 1890లలోనే జ్యూరిక్‌లో వందల రకాల పదార్థాలు ప్రయత్నించి జవాబు చెప్పాడు: నూనెలో కరిగేవి తొందరగా దూరిపోతాయి, కరగనివి దూరవు. కణం చుట్టూ ఉన్నది నూనెలాంటి పదార్థమై ఉంటుందనే ఊహకు మూలం అదే, అప్పటికి ఎవరూ ఆ పొరను కంటితో చూడలేదు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ అడ్డు లేకుండా వెళ్లిపోతాయి. సారా కూడా అంతే, అందుకే తాగిన కాసేపటికే తలకెక్కుతుంది. ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇచ్చే ఆవిరులు కూడా ఇలా దూరేవే. గ్లూకోజు దాదాపు దూరదు. సోడియం, పొటాషియం లాంటి విద్యుదావేశం ఉన్న అయాన్లకైతే ఆ మధ్యలోని మూడు నానోమీటర్ల నూనె దాటలేని సముద్రం.

ఇక్కడే తిరకాసు. కణానికి తిండి గ్లూకోజు, అది లోపలికి రాదు. నీళ్లు వస్తాయి గానీ నింపాదిగా. ఉత్త నూనె సంచీ అయితే కణం పస్తులుండి చచ్చేది. కాబట్టి పొరలో తలుపులు కావాలి, ఆ తలుపులు ప్రొటీన్లు. అసలు కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది, స్కూలు పుస్తకం మాత్రం దాదాపు ఇక్కడే ఆగిపోతుంది.

నీళ్ల తలుపు సంగతే చూడండి. పీటర్ ఆగ్రే అనే అమెరికన్ వైద్యుడు రక్తంలో ఆర్‌హెచ్ గ్రూపు ప్రొటీన్ కోసం వెతుకుతుంటే, ఎర్ర రక్తకణాల పొరలో పేరులేని ఒక ప్రొటీన్ పదే పదే అడ్డుతగిలింది. అదేం చేస్తుందో తెలియదు. చివరికి ఆ ప్రొటీన్ తయారీ సమాచారం ఉన్న ఆర్‌ఎన్‌ఏని కప్ప గుడ్లలోకి ఎక్కించి, ఆ గుడ్లను ఉప్పు బాగా తక్కువున్న నీటిలో వేశారు. మామూలు కప్ప గుడ్లు నీటిలో హాయిగా ఉంటాయి, చెరువులో పెట్టే గుడ్లు కదా మరి. ఈ గుడ్లు మాత్రం నిమిషాల్లో ఉబ్బి పగిలిపోయాయి. 1992లో ఈ ఫలితం అచ్చయింది, ఆ ప్రొటీన్‌కు ఆక్వాపోరిన్ అని పేరొచ్చింది. ఒక్కో ఆక్వాపోరిన్ గుండా సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులు ఒకదాని వెనక ఒకటి బారులు తీరి వెళ్తాయి. మూత్రపిండాలు రోజుకు 180 లీటర్ల దాకా వడపోసి, అందులో ఒకటిన్నర రెండు లీటర్లు తప్ప మిగతాదంతా వెనక్కి లాక్కోవడం ఈ తలుపులు లేకుండా అయ్యే పని కాదు. ఎండలో తిరిగొచ్చి నీళ్లు తాగకపోతే మూత్రం పచ్చగా, కొంచెంగా వస్తుంది చూడండి, అప్పుడు మెదడు నుంచి వచ్చిన ఒక హార్మోను మూత్రపిండం నాళాల కణాలకు కబురు పెట్టి, లోపల దాచిన ఆక్వాపోరిన్లను పైపొరలోకి తెప్పించి ఉంటుంది.

ఆగ్రేతో పాటు 2003లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్నది రాడరిక్ మెకినన్, ఆయనది పొటాషియం తలుపు. ఇందులో ఒక పొడుపు కథ ఉంది. సోడియం అయాన్ పొటాషియం కంటే చిన్నది. పెద్దది పట్టే కన్నంలో చిన్నది పట్టాలి కదా? కానీ ఈ తలుపు పది వేల పొటాషియంలను వదిలితే ఒక్క సోడియం జారితే గొప్ప. 1998లో ఆ ప్రొటీన్ ఆకారం బయటపడ్డాక గుట్టు తెలిసింది. నీటిలో ఉన్న అయాన్ ఒంటరిగా ఉండదు, చుట్టూ నీటి అణువులను కప్పుకుని ఉంటుంది. ఇరుకు దారిలోకి రావాలంటే ఆ నీటిని విడిచిపెట్టాలి, అది ఊరికే విడవదు. ఈ తలుపు లోపలి గోడల మీద ఆక్సిజన్ పరమాణువులు సరిగ్గా పొటాషియం కొలతకు అమరి ఉన్నాయి, నీటి అణువులు పట్టుకున్నట్టే అవి పట్టుకుంటాయి, కాబట్టి పొటాషియంకు నీరు వదిలినా నష్టం లేదు. సోడియం చిన్నది, ఆ గోడలు దానికి అందవు, నీళ్లు వదులుకుంటే నష్టం, అందుకని బయటే ఉండిపోతుంది. వదులు చొక్కా వేసుకున్నవాడికి చలి ఆగనట్టు. పుస్తకంలో "విచక్షణ" అని రాసినది దగ్గర నుంచి చూస్తే ఇలా ఉంటుంది, కొన్ని ఆక్సిజన్ పరమాణువుల మధ్య దూరం.

తలుపు తెరిస్తే ఏదైనా ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకే పోతుంది, పల్లానికి నీళ్లు పోయినట్టు. కానీ కణం లోపల పొటాషియం బయటి కంటే ముప్ఫై రెట్లు ఎక్కువ, సోడియం బయట లోపలి కంటే పది రెట్లకు పైగా ఎక్కువ. తలుపులు ఉండి కూడా ఈ తేడా చెరిగిపోకుండా ఉందంటే ఎవరో పల్లం నుంచి మెరకకు ఎత్తిపోస్తున్నారన్నమాట. ఆ మోటారును డెన్మార్క్‌లో యెన్స్ స్కౌ 1957లో పీతల కాళ్ల నరాల్లో కనిపెట్టాడు. నోబెల్ 1997లో వచ్చింది, నలభై ఏళ్లు పట్టింది. సోడియం-పొటాషియం పంపు అంటారు దాన్ని. మూడు సోడియంలను బయటికి నెట్టి, రెండు పొటాషియంలను లోపలికి లాగుతుంది, ఒక్కో విడతకు ఒక ఏటీపీ (కణంలో శక్తిని అందించే అణువు) ఖర్చు. ఏమీ చేయకుండా మంచం మీద పడుకున్న మనిషి ఖర్చుపెట్టే శక్తిలో అయిదో వంతు దాకా ఈ పంపులే తినేస్తాయి, మెదడులోనైతే వాటా ఇంకా ఎక్కువ. ఊళ్లో వ్యవసాయ మోటార్ల కరెంటు బిల్లు లాంటిది, కనపడదు గానీ అతి పెద్ద పద్దు అదే.

ఏటీపీ మాట వచ్చింది కాబట్టి, దాన్ని 1929లో కండరంలో కనిపెట్టినవాళ్లలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి. అంతకు ముందు 1925లో, అంటే గోర్టర్, గ్రెండెల్ కొవ్వు కొలిచిన సంవత్సరమే, ఈ ఇద్దరూ ఫాస్ఫరస్‌ను రంగు తేడాతో కొలిచే పద్ధతి ఇచ్చారు. ఫాస్ఫోలిపిడ్ తలలో ఉండేది ఫాస్ఫరసే కనుక, పొరలో ఎంత లిపిడ్ ఉందో కొలవడానికి ల్యాబుల్లో దశాబ్దాలుగా ఆ పద్ధతే, దాని మార్పులే వాడుతున్నారు. కణత్వచం కథలో మన తెలుగాయన పేరు రెండు చోట్ల వస్తుంది, రెండు చోట్లా వెనక వరసలోనే. మన పుస్తకాలైనా ఆ మాట చెప్పి ఉండాల్సింది.

ఇంత ఖర్చు పెట్టి తేడా నిలబెట్టడం ఎందుకు? ఎందుకంటే ఆ తేడానే బ్యాటరీ. నరకణం పొరకు లోపలికీ బయటికీ 70 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. టార్చిలైటు బ్యాటరీ ముందు అది లెక్కలోకి రాదనిపిస్తుంది. కానీ అది 5 నానోమీటర్ల మందంలో ఉంది. మీటరుకు లెక్కేస్తే 1 కోటి 40 లక్షల వోల్టులు. గాలిలో మీటరుకు 30 లక్షల వోల్టులు దాటితే పిడుగులా నిప్పురవ్వ దూకుతుంది. అంత ఒత్తిడిని ఆ పల్చటి నూనె పొర రాత్రింబవళ్లు తట్టుకుంటోంది. సోడియం తలుపులు తెరుచుకున్న మరుక్షణం ఆ నిల్వ శక్తి పారుతుంది, అదే నరంలో పరుగెత్తే సంకేతం.

గుంటూరు మిరపకాయ కొరికితే జరిగేది కూడా ఇదే. నాలుక మీది నొప్పి నరాల పొరలో టీఆర్‌పీవీ1 అనే తలుపు ఉంటుంది, సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకోవడం దాని పని. మిరపలోని క్యాప్సైసిన్ వచ్చి అదే తలుపును తెరుస్తుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఇది పట్టుకుంది, 2021లో నోబెల్ వచ్చింది. కాబట్టి "నోరు మండిపోతోంది" అన్నవాడు అతిశయోక్తి చెప్పట్లేదు, అతని నరం నిజంగానే కాలుతోందని మెదడుకు చెబుతోంది. క్యాప్సైసిన్ నూనెలో కరిగేది కావడంతో పొరలోకి సులువుగా దిగుతుంది, చల్లటి నీళ్లు తాగితే ఆ కాసేపు హాయిగా ఉంటుంది గానీ అది కడిగిపోదు. పెరుగన్నం పనిచేస్తుంది, అందులో కొవ్వుంది, పాల ప్రొటీన్లున్నాయి.

షుగర్ జబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కండరం, కొవ్వు కణాల్లో గ్లూకోజు తలుపులు మామూలప్పుడు పైపొరలో ఎక్కువ ఉండవు, లోపల చిన్న చిన్న సంచుల్లో దాచి ఉంటాయి. అన్నం తిన్నాక ఇన్సులిన్ వచ్చి కణం పైన ఉన్న గ్రాహకాన్ని తడితే, ఆ సంచులు పైకి వచ్చి పొరలో కలిసిపోతాయి, తలుపులు బయటపడతాయి. టైప్ 2 షుగర్‌లో ఇన్సులిన్ తలుపు తడుతూనే ఉంటుంది, లోపలివాళ్లకు సరిగా వినపడదు. విశేషం ఏమిటంటే కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండానే ఆ సంచులు పైకి వస్తాయి. డాక్టర్లు భోజనం తర్వాత నడవమని చెప్పేది బరువు తగ్గడానికి మాత్రమే అనుకుంటారు చాలామంది, నిజానికి ఆ నడకలో తొడ కండరాలు దొడ్డిదారి తెరుస్తున్నాయి.

ఇంత తెలివైన ఏర్పాటును దోచుకునే దొంగలూ ఉన్నారు. కలరా అన్నిటికంటే మంచి ఉదాహరణ, పైగా మన దేశం కథ.

కలరాలో చంపేది క్రిమి కాదు, అది విడిచే విషం అని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే చూపించాడు. ఆ విషం పేగు కణం బయటి వరుసలో ఉండే ఒక చక్కెర తగిలించిన లిపిడ్‌ను పట్టుకుని లోపలికి దిగుతుంది. దిగి, కణం లోపలి ఒక స్విచ్చిని "ఆన్" దగ్గర ఇరికించేస్తుంది. దాంతో క్లోరైడ్ తలుపులు తెరుచుకుని మూతపడటం మానేస్తాయి. క్లోరైడ్ పేగులోకి పోతుంది, దాని వెనక సోడియం, ఆ రెండిటి వెనక నీళ్లు. బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనాలు, గంటకు లీటరు దాకా. కణం ఒక్కటీ చిరగలేదు, పేగుకు పుండు పడలేదు, తలుపు ఒకటి తెరిచి ఉండిపోయిందంతే, మనిషి కొన్ని గంటల్లో పోతాడు.

మరి తాగిన నీళ్లు ఎందుకు ఒంటబట్టవు? నీళ్లు తమంతట తాము ఎటూ పోవు, ఉప్పు ఎటు పోతే అటే పోతాయి. ఉప్పు బయటికే పోతున్నప్పుడు ఎన్ని బిందెలు తాగినా లాభం లేదు. అయితే పేగు పొరలో ఇంకో తలుపుంది, రెండు సోడియంలు, ఒక గ్లూకోజు కలిసి వస్తేనే తిరిగే తలుపు. సినిమా హాల్లో జంట టికెట్ ఉన్నవాళ్లనే వదిలినట్టు. దీన్ని 1960లో ప్రాగ్‌లో జరిగిన ఒక సదస్సులో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. కలరా విషం ఈ తలుపు జోలికి పోదు. ఆ తర్వాత ఏళ్లలో తేలింది ఇదే, ఉప్పునీళ్లలో గ్లూకోజు కలిపి ఇస్తే ఈ దారిలో సోడియం లోపలికి వస్తుంది, దాన్ని పట్టుకుని నీళ్లూ వస్తాయి. ఒక వైపు కారుతున్నా ఇంకో వైపు నుంచి నింపొచ్చు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం. సరిహద్దు దాటి వచ్చిన శరణార్థులు, పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శిబిరంలో కలరా. దిలీప్ మహలనాబిస్ అనే వైద్యుడు అక్కడికి వెళ్లేసరికి ఆసుపత్రి నేల మీద రోగులు, సెలైన్ సీసాలు నిండుకుంటున్నాయి, ఎక్కించే చేతులూ లేవు. ఆయన లీటరుకు 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా లెక్కన ప్యాకెట్లు కట్టించి, డ్రమ్ముల్లో కలిపించి, తల్లులకూ అన్నదమ్ములకూ గ్లాసులు ఇచ్చి తాగించమన్నాడు. అప్పటికి నోటి ద్వారా ఇవ్వడాన్ని చాలామంది వైద్యులు నమ్మలేదు. శిబిరంలో మరణాలు ముప్ఫై శాతం నుంచి నాలుగు శాతం లోపుకు దిగాయి. మందు లేదు, సూది లేదు, పొరలో ఒక తలుపు పనిచేస్తోందని తెలియడమే.

ఇప్పుడు మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ వెనక వైపు తిప్పి చూడండి, లీటరు నీళ్లకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత ఫార్ములాను పలుచన చేసి ఈ లెక్క పెట్టింది. ఇందులో సోడియం, గ్లూకోజు అణువుల లెక్క ప్రకారం సమానం, రెండూ లీటరుకు 75 మిల్లీమోల్స్. గ్లూకోజు రుచి కోసమో బలం కోసమో వేసింది కాదు, ఆ తలుపు తిప్పడానికి వేసిన టికెట్టు.

అందుకే "చక్కెర కాస్త ఎక్కువుంటే పిల్లాడికి ఓపిక వస్తుంది" అనే లెక్క ఇక్కడ పనికిరాదు. విరేచనాలతో ఉన్న పిల్లలకు కూల్‌డ్రింకో, డబ్బా జ్యూసో పట్టిస్తుంటారు చాలా ఇళ్లలో. కూల్‌డ్రింకులో లీటరుకు సుమారు 100 గ్రాముల చక్కెర ఉంటుంది, సోడియం నామమాత్రం. తలుపు తిరగడానికి జంట లేదు, మిగిలిపోయిన చక్కెర పేగులోనే కూర్చుంటుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి కొట్లాడింది దీని గురించే, ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని మందుల షాపుల్లో అమ్మిన తియ్యటి డ్రింకుల మీద. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ మాటను అలాంటి డ్రింకుల పేరులో వాడకూడదని చెప్పింది.

పేగులో కూర్చున్న చక్కెర ఊరికే కూర్చోదు. చుట్టూ ఉన్న కణాల పొరల్లోంచి నీటిని తన వైపు లాగుతుంది, విరేచనం ఇంకా పెరుగుతుంది. జాడీలో ఉప్పు మామిడి ముక్కను చేసిందే, ఆ చక్కెర పిల్లాడి పేగును చేస్తుంది.